తెరచాప పడవలో శీతలయంత్రము

తెరచాప పడవకు శీతలయంత్రమేమిటని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. గాలిని నమ్ముకొని పోవువారికి ఎండుచేపయు, ఊరగాయయు, అన్నమును చాలునని చెప్పు నావికులు నేటికిని కలరు. ఓడలలోని శీతలయంత్రములను బాగుచేయుచు ముప్పది యేండ్లు గడపిన నేను ఆ మాటను పలుమారు వింటిని. అయినను నేడు తెరచాపతో దూరప్రయాణములు చేయువారి సంఖ్య పెరుగుచున్నది. 2017వ సంవత్సరము సెప్టెంబరులో మన నౌకాదళమునకు చెందిన ఆరుగురు స్త్రీలు 'తారిణి' యను తెరచాప నౌకపై గోవానుండి బయలుదేరి, 254 దినములలో భూగోళమును చుట్టి 2018 మే నెలలో తిరిగివచ్చిరి. వారిలో స్వాతిగారు విశాఖపట్టణమువారు, ఐశ్వర్యగారు హైదరాబాదువారు. కనుక ఈ ప్రసంగ విషయము మనకు పూర్తిగా పరాయిది కాదు.

ఇటీవల నాయొద్దకు వచ్చిన వ్యవహారమొకటి చెప్పెదను. కొచ్చి నగరమున బొల్గట్టి ద్వీపము నానుకొని ఇట్టి పడవలు నిలుచు రేవు కలదు. అందు మా జిల్లావారే యగు దంపతుల పడవ యున్నది. పొడవు 36 అడుగులు, ఒక్కటే తెరచాపకొయ్య, సాయమునకు చిన్న డీజిలు ఇంజను. ఆయన వర్తకపు ఓడలలో ఉద్యోగము చేసి విరమించినవాడు. ఆయన భార్యకు చాలకాలముగా మధుమేహము. దినమునకు రెండుమారులు ఇన్సులిను సూది వేసికొనవలయును. వారిరువురును సింహళమును చుట్టి అండమానులోని పోర్టుబ్లెయరునకు పోదలచిరి. సింహళపు గాలే రేవులో ఆగినను, అక్కడనుండి తూర్పునకు మరల ఏడెనిమిది దినములు తీరము కానరాదు. వాడుకలోనున్న ఇన్సులిను సీసా కొన్ని వారములు బయట నుండగలదు గాని, నిలువ సీసాలు 2 మొదలు 8 డిగ్రీల నడుమ నుండవలయును. వేడి తగిలినను చెడును, గడ్డకట్టినను చెడును. గడ్డకట్టి కరగిన మందు కంటికి బాగుగనే కనబడవచ్చును. దానిని మాత్రము వాడరాదు. ఇట్టి స్థితిలో ఆ పడవలోని పాత శీతలయంత్రము చల్లదనమిచ్చుట మానివేసెను. దాని స్థానమున ఏ యంత్రము పెట్టవలెనో చెప్పుమని నన్ను పిలిచిరి.

ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న, "ఎంత పెద్ద యంత్రము కొనవలెను?" అని. నేను పెట్టెను చూపుడని యడిగితిని. యంత్రము ప్రసక్తి తరువాత వచ్చును.

దీనికి కారణము చెప్పుటకు ముందు యంత్రము చేయు పని తెలియవలెను. చల్లదనమని మనము తయారుచేసి పెట్టెలో పోయు పదార్థమేదియు లేదు. లోపలనున్న వేడిని తోడి బయట పోయుటయే ఈ యంత్రము పని. నీరు పల్లమునకు తనంత పారును. మెరకకు పారవలెనన్న మోట కట్టవలెను. వేడియు నట్లే. వెచ్చని చోటునుండి చల్లని చోటికి తనంత తాను పోవును. చల్లని పెట్టెలోనుండి వెచ్చని గాలిలోనికి తేవలెనన్న శ్రమపడవలెను. చేతిమీద స్పిరిటు రాసినప్పుడు అది ఆవిరియగుచు చేతి వేడిని తీసికొనును గదా! యంత్రములో ఒక వాయుపదార్థము పెట్టెలోపలి గొట్టములలో ద్రవముగా చేరి, అచ్చట నావిరియై, వేడిని పీల్చును. కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కి బయటి గొట్టములలోనికి నెట్టగా, అది అచ్చట వేడిని విడిచి మరల ద్రవమగును. నూయి లోతైనకొలది ఎద్దులకు శ్రమ యెక్కువయగునట్లు, లోపలి చలికిని బయటి వేడికిని అంతరము పెరిగినకొలది కంప్రెసరునకు శ్రమ యెక్కువ. మన సముద్రములపై పగటివేళ పడవలోపల 32 డిగ్రీలుండును. పెట్టెలో 4 డిగ్రీలు కావలెను. ఈ 28 డిగ్రీల అంతరముచేత రాత్రింబవళ్లు గోడలగుండ వేడి ఊరుచునే యుండును. కాలువ గట్టు గండిపడియుండగా మరియొక జత ఎద్దులను కొనువాడు ఎట్టివాడో, పెట్టెను చూడక పెద్ద యంత్రమును కొనువాడును అట్టివాడే.

పెట్టె గోడలు ఎంత వేడిని రానిచ్చుచున్నవో తెలిసికొనుటకు పరికరములేమియు నక్కరలేదు. బజారునుండి 20 కిలోల మంచుగడ్డ తెప్పించి, ముందుగా కొంత మంచుతో పెట్టెను చల్లార్చి, ఆ గడ్డను లోపల పెట్టి మూత మూయించితిని. 24 గంటలు ఎవరును తెరువరాదంటిని. మరునాడు అడుగు గొట్టమునుండి వచ్చిన నీటిని కొలువగా 14 లీటర్లాయెను. ఒక కిలో మంచు కరగుటకు 334 కిలోజౌళ్ల వేడి కావలెను. మీ ఇంటి కరెంటు బిల్లులోని లెక్కకు మార్చినచో అది యూనిట్టులో పదునొకండవ వంతునకు కొంచెము హెచ్చు. అనగా ఆ పెట్టెలోనికి గోడలగుండనే దినమునకు 1.3 యూనిట్ల వేడి చొరబడుచున్నది. మూత తెరచుట, వెచ్చని వస్తువులు పెట్టుట వీనికి మరికొంత చేర్చవలెను. చిన్న శీతలయంత్రము మన వాతావరణములో ఒక యూనిట్టు కరెంటు తిని ఇంచుమించు ఒకటింబాతిక యూనిట్టు వేడిని తోడగలదు. నేను ఇంకను తగ్గించి 1.2 అనియే లెక్క కట్టుదును. ఆ ప్రకారము ఈ పెట్టెకు దినమునకు 1.2 యూనిట్ల కరెంటు కావలెను. ఊరిలో అది పెద్ద లెక్క కాదు. సముద్రముమీద మాత్రము ఆ పడవ బ్యాటరీలన్నియు కలిసి ఇవ్వగలది అంతే. బ్యాటరీల నిలువ 12 వోల్టులవద్ద 200 ఆంపియరు గంటలు, అనగా 2.4 యూనిట్లు, సీసపు బ్యాటరీలలో సగమునకు మించి వాడినచో వాని ఆయువు తగ్గును. దారి చూపు దీపములు, వైర్లెస్సు, చుక్కాని పట్టు యంత్రము వీనికే దినమునకు 0.3 యూనిట్టు కావలెను.

పెట్టె గోడను ఒకచోట కోయించి చూచితిమి. పడవ 1980 ప్రాంతమున కట్టినది. గోడలో రెండంగుళముల నురుగుపలక కలదు. అది చేతికి బరువుగా తగిలెను. పిండిన నీరు కారెను. ఈ నురుగులోని సన్నని గదులలో బంధింపబడిన వాయువే వేడిని ఆపునది. ఏండ్లు గడచినకొలది వెచ్చని వైపునుండి గాలిలోని తేమ లోనికి చేరి, చల్లని వైపున నీరై నిలిచిపోవును. తడిసిన కంబళి చలి నాపనట్లే తడిసిన నురుగు వేడి నాపదు.

ఈ సందర్భమున ఒక పాత కథ చెప్పవలెను. శీతలయంత్రములు లేని కాలమున, 1833లో, అమెరికాలోని బోస్టను నగరపు వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడరు అచ్చటి చెరువులలో శీతకాలమున గడ్డకట్టిన మంచును కోయించి 'టస్కనీ' యను ఓడపై కలకత్తాకు పంపెను. అది తెరచాపల ఓడ. ప్రయాణము నాలుగు నెలలు. భూమధ్యరేఖను రెండుమారులు దాటవలెను. బయలుదేరినది సుమారు 180 టన్నులు. కలకత్తా చేరినది సుమారు 100 టన్నులు. దారిలో దానిని చల్లబరచిన యంత్రమేదియు లేదు. ఎండిన పొట్టును దట్టముగా కూరి, గాలి చొరకుండ కట్టిన ఓడగదియే ఆ మంచును కాపాడెను. చెన్నపట్టణపు సముద్రతీరమున మనవారు 'ఐసు హవుసు' అని పిలుచుచు వచ్చిన గుండ్రని కట్టడము ఆ ట్యూడరు వ్యాపారమునకై 1842లో కట్టినదే. 1897లో వివేకానందస్వామి అందు బసచేసిరి. మన పల్లెలలో మంచుగడ్డను రంపపుపొట్టులో పొదిగి గోనె చుట్టి అమ్మినవారికి ఈ శాస్త్రము ఎవరును చెప్పనక్కరలేకపోయెను.

కనుక నా మొదటి సలహా, పాత నురుగునంతయు తీసివేసి నాలుగంగుళముల కొత్త పలకలు వేయించి, వెచ్చని వైపున తేమ చొరని పొర అంటింపుడని. దీనితో తగవు వచ్చెను. పడవ పొట్టలో చోటు పెరుగదు. గోడ మందమైనంత లోపలి చోటు తగ్గును. 160 లీటర్ల పెట్టె 100 లీటర్లగును. "ఇది శీతలపెట్టెయా, పోపులపెట్టెయా?" అని ఆయన కోపగించెను. నిర్వాత పలకలు వాడినచో అంగుళము మందముతోనే పని జరుగునని ఎవరో ఆయనకు చెప్పిరి. అది అసత్యము కాదు. కాని అవి మిక్కిలి ఖరీదు, ఒక్క మేకు దిగినచో నిర్వాతము పోయి మామూలు పలకకంటె హీనమగును. అలలకు సామానులు పొర్లాడు చోట నేను వానిని నమ్మలేను. చివరకు ఆమె కలుగజేసికొని, "తగ్గిన చోటున పట్టనివి కూరలును, సోడాబుడ్లును గదండీ! అవి లేకున్న నేను బ్రదుకుదును" అనెను. అంతటితో వాదము ముగిసెను.

మూతకు రెండు వరుసల రబ్బరు అంచు వేయించితిమి. నీరు పోవు అడుగు గొట్టమునకు బిరడా పెట్టించితిమి. చల్లని గాలి బరువైనది. అడుగున రంధ్రమున్న అది నీటివలెనే కారిపోవును. ఇంటిలోని శీతలయంత్రముల తలుపు ముందునకు తెరచుకొనునట్టిది. తెరచిన ప్రతిసారియు చల్లని గాలి కాళ్లమీదికి జారును. పడవ పెట్టెలకు మూత పైన నుండుటకు ఇదియే హేతువు. ఈ మరమ్మతు ముగిసిన పిమ్మట మరల మంచు పెట్టి చూడగా ఒక దినమునకు 4 లీటర్ల నీరు మాత్రమే వచ్చెను. ఇతర వ్యయములు కలుపుకొన్నను కరెంటు అవసరము 1.2 యూనిట్టునుండి 0.4కు దిగెను.

ఇప్పుడు యంత్రము సంగతి. పాతది ఇంజనునుండి బెల్టుతో తిరుగు కంప్రెసరు. పెట్టెలో ఉప్పునీరు నింపిన లోహపు పలకలుండును. దినమునకు గంటసేపు ఇంజను నడిపిన ఆ పలకలు గడ్డకట్టి తక్కిన కాలమంతయు చలిని కాచును. ఇంజను నెట్లును నడపువారికి ఇది మంచి పద్ధతియే. తెరచాపమీద పోవువాడు మాత్రము చలికొరకే డీజిలు కాల్చవలసివచ్చును. ఇంజను ఆగిన మందును ఆగును. పైగా కంప్రెసరు ఇరుసు బయటికి వచ్చుచోట వాయువు మెల్లగా కారుచుండును. ఆ యంత్రములో వాడినది ఆర్-12 అను వాయువు. అది ఆకాశమునందలి ఓజోను పొరను చెరచునని తెలిసి, 1987 నాటి మాంట్రియలు ఒడంబడిక ననుసరించి దేశములు దాని తయారీని మానిపించినవి. మనవంటి దేశములకు గడువు 2010తో ముగిసెను. కనుక ఆ యంత్రమును బాగుచేయుటలో అర్థము లేకపోయెను.

గ్యాసుమంటతో పనిచేయు పెట్టెలను గూర్చి ఒకరు చెప్పిరి. కరెంటు లేని చోట్ల కిరసనాయిలు దీపముతో నడచు అట్టి పెట్టెలు ఒకప్పుడు ఎంతయో సాయపడినవి. కాని అవి సమతలమున నిలిచియుండవలెను. తెరచాప పడవ గంటలకొలది ఒక ప్రక్కకు వాలి పోవును. అంతకంటె ముఖ్యము, వంటగ్యాసు గాలికంటె బరువు. కారినచో పడవ అడుగున చేరి నిప్పురవ్వకై కాచుకొని యుండును. మందుకొరకు పడవను పణముగా పెట్టలేము. కంప్రెసరే లేక విద్యుత్తుతో ఒక వైపు చల్లబడు పలకలు గల చవుక పెట్టెలును అమ్ముచున్నారు. అవి బయటి వేడికంటె ఇరువది డిగ్రీలు తగ్గించుట గొప్ప. 32 డిగ్రీలలో ఇన్సులినుకు అది చాలదు, తిను కరెంటు మాత్రము మెండు.

మిగిలినది 12 వోల్టుల బ్యాటరీతో నేరుగా తిరుగు, పూర్తిగా మూసి అతికిన చిన్న కంప్రెసరు. ఇరుసు బయటికి రాదు గనుక వాయువు కారు చోటు తక్కువ. డేన్‌ఫాస్ కంపెనీ వీనిని లోకమంతట ప్రచారము చేసెను. ఆ వ్యాపారము 2010నుండి సీకాప్ అను పేరున నడచుచున్నది. పడవ ముప్పది డిగ్రీలు వాలినను ఇది పనిచేయును. నిమిషమునకు తిరుగు చుట్లను 2000 మొదలు 3500 వరకు మార్చుకొనవచ్చును. మంచి పెట్టెకు తక్కువ వేగమే చాలును, తక్కువ వేగముననే కరెంటు ఆదాయమెక్కువ. ఆయన పెద్ద తరగతిది కావలెననెను. నేను చిన్నదానినే యెంచితిని. గండి పూడ్చిన పిదప ఒక జత ఎద్దులు చాలును.

వేడిని బయట పోయు గొట్టములను చల్లార్చుటకు గాలియా, సముద్రపు నీరా యను ప్రశ్న యొకటి కలదు. చల్లని సముద్రములలో తిరుగువారు నీటినే మెచ్చుకొందురు. మన సముద్రపు నీరు 28, 30 డిగ్రీలుండును. గాలికంటె గొప్ప లాభము లేదు. అదియుగాక కొచ్చి కాయలు నీటిలో నాలుగు నెలలు నిలిచిన పడవ అడుగు నత్తగుల్లలతో నిండిపోవును. నీటిని తోడు పంపు మరియొక చెడు వస్తువు. కనుక గాలిపంకానే యెంచి, ఇంజను గదిలో గాక, గాలి వచ్చుటకు ఒక దారి, పోవుటకు వేరొక దారి గల అరలో దానిని బిగించితిమి. వెచ్చని గాలినే మరల మరల పీల్చు యంత్రము తన పొగనే తాను మింగు పొయ్యివంటిది.

మరియొక చిన్న విషయమున పెద్ద పొరపాట్లు జరుగుచుండును. ఈ కంప్రెసరు బ్యాటరీ చెడకుండుటకై, వోల్టేజి సుమారు పదిన్నరకు దిగినచో తనంత తాను ఆగిపోవును. సన్నని తీగను బారెడు దూరములు లాగినచో, బ్యాటరీలో శక్తి యున్నను తీగలోనే వోల్టేజి తరిగి, యంత్రము మొదలుపెట్టునప్పుడెల్ల ఆగును. యంత్రము చెడిపోయెనని మార్చివేసిన వారిని నేనెరుగుదును; మార్చవలసినది తీగ. అందుచేత బ్యాటరీనుండి నేరుగా, నడుమ మరేదియు కలపక, లావుపాటి తీగ వేయించితిమి.

పడవ వెనుకభాగమున 150 వాట్ల సోలారు పలకలు రెండు పెట్టిరి. తెరచాప నీడ పడుచుండగా, ఎండ బాగున్ననాడు వానినుండి ఒక యూనిట్టు వరకు వచ్చును, పెట్టెకు 0.4, తక్కినవానికి 0.3 పోగా కొంత మిగులును. ముసురుపట్టి ఎండయే లేకున్నను బ్యాటరీ ఒకటిన్నర దినము కాచును. ఆపైన గంటసేపు ఇంజను నడిపిన అర యూనిట్టు వరకు తిరిగి చేరును. పాత పెట్టెతోనైన ముసురుపట్టిన మొదటినాడే దీపములు మలిపివేయవలసి యుండెను.

ఇన్సులినుకు ఒక ఏర్పాటు ప్రత్యేకముగా చేసితిమి. చల్లని పలకకు తగిలిన వస్తువు గడ్డకట్టును గనుక, సీసాలను పలకకు దూరముగా, పెట్టె నడిమి యెత్తున, బట్ట చుట్టి చిన్న డబ్బాలో నుంచితిమి. మిక్కిలి తక్కువ, మిక్కిలి హెచ్చు రెంటిని గుర్తుంచుకొను ఉష్ణమాపకమును ఆ డబ్బాలోనే పెట్టితిమి. పలక ప్రక్కన కిలో నీరు పట్టు సీసాలు ఎనిమిది గడ్డకట్టించి యుంచవలెనంటిని. నడిసముద్రమున యంత్రము ఆగినచో, దినమునకు నాలుగు కిలోలు కరగు ఈ పెట్టెలో అవి రెండు దినములు కాచును. పాత పెట్టెలో పదునాలుగు గంటలకే తీరిపోయెడివి. రెండు దినములకు పిమ్మట మిగిలిన మంచు ముక్కలను వెడల్పుమూతి ఫ్లాస్కులో వేసి, సీసాలు మంచుకు తగులకుండ బట్ట అడ్డముంచి మరికొంత కాలము గడపవచ్చును. పంకాయు, ఫ్యూజులును, వేడిమి చూచి యంత్రమును ఆపు మీటయును అదనముగా నొక్కొక్కటి పడవలో నుంచిరి. ఈ యంత్రములలో సముద్రముమీద ఇంటివారు తమ చేత మార్చుకొనగలవి అవియే.

బయలుదేరుటకు ముందు వారిని రేవులోనే పది దినములు, ఒడ్డు కరెంటు తీసివేసి, సముద్రమున నున్నట్లే బ్రదుకుడంటిని. ఏడవనాడు ఎవరో చుట్టము పది లీటర్ల వెచ్చని మంచినీటి సీసాలను ఒక్కమారుగా పెట్టెలో పెట్టెను. అంత నీటిని 4 డిగ్రీలకు దింపుటకు మూడవవంతు యూనిట్టు వేడి తోడవలెను. ఒక దినమంతయు గోడలగుండ వచ్చు వేడియు దాదాపు అంతయే. కంప్రెసరు తెల్లవార్లు ఆగలేదు, డబ్బాలోని ఉష్ణమాపకము 9 డిగ్రీలు చూపెను. ఆనాటినుండి ఆమె పెట్టె తాళపుచెవిని తన కొంగున ముడివేసికొనుచున్నది. నీటిసీసాలు ఒక్కొక్కటిగా, తెల్లవారుజామున మాత్రమే లోనికి పోవును.